జడలమ్మ పెంచిన తాబేలు పిల్ల

అనగనగా ఒక అడవి ఉండేది. ఆకాశమంత చెట్లుండే అడవి కాదర్రా పిల్లలూ. అక్కడక్కడా బండరాళ్లు, వాటి మధ్య రేగు పొదలు, తంగేడు పొదలు, మోకాలెత్తు గడ్డి. ఎండ బాగా కాసే అడవి. ఆ అడవిలో ఒక గుహ. ఆ గుహలో జడలమ్మ అనే ఎలుగుబంటి ఒంటరిగా ఉండేది. ఒళ్లంతా నల్లటి బొచ్చు జడలు కట్టి వేలాడుతుండేది. అందుకే ఆ పేరు.

జడలమ్మకు పిల్లల్లేరు. వేరే జంతువుల పిల్లలు ఆడుకుంటుంటే దూరంగా కూర్చుని చూసేది. దగ్గరికి వెళితే దాని ఆకారం చూసి అవి భయపడి పారిపోయేవి.

తొలకరి వాన పడ్డ మర్నాడు జడలమ్మ చెదలు తిందామని పుట్ట దగ్గరికి బయల్దేరింది. దారిలో గడ్డి మధ్య ఏదో చిన్నగా కదిలింది. వంగి చూసింది. ఉసిరికాయంత తాబేలు పిల్ల! వెల్లకిలా పడి నాలుగు కాళ్లూ గాల్లో ఆడిస్తోంది. అవతల నుంచి ఒక ఉడుము నాలుక ఆడించుకుంటూ దాని వైపే వస్తోంది.

జడలమ్మ గట్టిగా గుర్రుమంది. ఉడుము తిరిగి చూడకుండా పారిపోయింది.

జడలమ్మ ఒక్క గోటితో మెల్లగా తాబేలు పిల్లను బోర్లా తిప్పింది. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు. ఆకాశంలో చుక్కలు మెరిసినట్టున్నాయి.

"ఎవరే నువ్వు? మీ అమ్మ ఏది?" అని అడిగింది.

"తెలీదు. నిన్ననే గుడ్డులోంచి బయటికొచ్చాను. చూస్తే ఎవరూ లేరు" అంది పిల్ల.

జడలమ్మకు గుండె కరిగిపోయింది. "ఎవరూ లేకపోవడమేమిటి? నేను లేనూ! ఇవాళ్టి నుంచి నేనే నీకు అమ్మను. నీ పేరు చుక్కి" అంది.

చుక్కిని అరచేతిలో పెట్టుకుని గుహ వైపు నడిచింది. అప్పుడు పక్క బండ మీంచి ఎవరో పిలిచారు.

"అక్కా! ఆగక్కా! దాన్ని గుహలోకి తీసుకెళ్లకు!"

పిలిచింది తీతువు పిట్ట. సన్నటి పొడుగు కాళ్లు, గట్టి గొంతు. ఆరుబయట నేల మీదే గూడు పెట్టుకుంటుంది. కాబట్టి ఏ ఆపద వస్తున్నా ముందుగా అదే చూస్తుంది, చూడగానే అరుస్తుంది. కానీ దాని అరుపు వల్లే ఆపద వస్తుందని ఆ అడవిలో అందరూ అనుకునేవారు. పాపం, దాని మాట ఎవరూ వినరు.

"ఆ పిల్ల తల్లి నా గూటి పక్కనే గుడ్లు పెట్టిందక్కా. ఆ జాతి సంగతి నాకు తెలుసు. దానికి ఎండ కావాలి, గడ్డి కావాలి" అంది తీతువు.

"ఛీ, శుభమా అని పిల్లను ఇంటికి తెచ్చుకుంటుంటే నీ అరుపేమిటి? నోరు మూసుకో!" అని కసిరింది జడలమ్మ.

తీతువు తల వంచుకుంది.

జడలమ్మ చుక్కిని గుహలో అన్నిటికన్నా లోపలి మూలన పెట్టింది. కింద మెత్తటి ఆకులు పరిచింది. ఎండ తగలదు, గద్ద కన్ను పడదు, ఉడుము రాదు. "నా బంగారం ఎంత చల్లగా ఉందో!" అని మురిసిపోయింది. అది వానాకాలం. గోడలు చెమర్చి ఉండేవి. చుక్కి ఆ ఆకుల్లో ముడుచుకుని పడుకునేది.

తిండి దగ్గర కూడా జడలమ్మ ఏ లోటూ చెయ్యలేదు. తనకు ఏది ఇష్టమో అదే తెచ్చింది. తేనెపట్టు తెచ్చింది. నేరేడు పండ్లు తెచ్చింది. పుట్ట తవ్వి చెదలు తెచ్చింది. తను సగం కడుపుతో ఉండి మరీ చుక్కికి పెట్టింది. చుక్కి తేనె రుచి మరిగింది. రోజూ మూతి నిండా పూసుకుని తినేది.

రెండు నెలల్లో చుక్కి గుప్పెడంత అయింది. దారిన పోయే కొండముచ్చు చూసి నోరెళ్లబెట్టింది.

"అబ్బో! నిన్నగాక మొన్న ఉసిరికాయంత ఉండె! ఏం పెడుతున్నావు జడలమ్మా?" అంది.

"నా చేతి చలవ" అంది జడలమ్మ పొంగిపోతూ.

కానీ దగ్గరగా చూస్తే ఏదో తేడాగా ఉంది. చుక్కి డిప్ప నున్నగా లేదు. గడులు గడులుగా బొడిపెలు లేచాయి. నడిస్తే కాళ్లు పక్కకు జారిపోతున్నాయి. పొట్ట నేలకు రాసుకుంటోంది. ముక్కు దగ్గర చిన్న చిన్న బుడగలు వస్తున్నాయి.

"అమ్మా, నాకు ఒంట్లో బాలేదు" అంది చుక్కి ఒకరోజు.

జడలమ్మ కంగారు పడింది. ఏం చెయ్యాలో తోచలేదు. "తాబేలువి కదా, నీళ్ల కోసం బెంగ పడ్డావేమో! నా బుద్ధి మండ, ఇన్నాళ్లూ నీకు నీళ్లే చూపించలేదు" అంది. తెల్లారగానే చుక్కిని మడుగు దగ్గరికి తీసుకెళ్లింది. లోతు ఎక్కువున్న చోట మెల్లగా వదిలింది. "ఈదుకో తల్లీ" అంది.

చుక్కి ఈదలేదు. బుడుంగున మునిగిపోయింది.

ఆడుకుంటోందనుకుని జడలమ్మ నవ్వుతూ చూసింది. ఒక క్షణం. రెండు క్షణాలు. చుక్కి పైకి రాలేదు.

మడుగు ఒడ్డున పురుగులు ఏరుకుంటున్న తీతువు అది చూసింది. గొంతు చించుకుని అరిచింది. "అక్కా! మునిగిపోయింది! తియ్యి, తియ్యి! అది నీటి తాబేలు కాదు, నేల తాబేలు!"

జడలమ్మ ఒక్క దూకు దూకింది. బురదలో చేతులు పెట్టి వెతికింది. చుక్కి దొరికింది. తల బయటికి వేలాడిపోయి ఉంది. కళ్లు మూసుకుని ఉన్నాయి.

"చుక్కీ! చుక్కీ!" అని ఏడ్చింది జడలమ్మ.

"ఏడవడం తర్వాత! తల కిందికి వచ్చేలా పట్టుకో. నోట్లోంచి నీళ్లు కారనివ్వు. ముందు కాళ్లు మెల్లగా లాగు, మెల్లగా వదులు. అలాగే... ఇంకా... ఆపకు" అంది తీతువు.

జడలమ్మ ఈసారి చెప్పినట్టే చేసింది. చుక్కి నోట్లోంచి నీళ్లు కారాయి. చాలాసేపటికి ఒక కాలు కదిలింది. తర్వాత చిన్న దగ్గు.

జడలమ్మ అక్కడే కూలబడిపోయింది. "నా చేతులతో నేనే చంపుకోబోయాను. అన్నీ మంచివే పెట్టాను కదా! ఎందుకిలా అయింది?" అంది.

తీతువు ఇంకాస్త దగ్గరికొచ్చింది. "నీ గోరు మొన పెట్టకుండా, వేలితో దాని డిప్ప మెల్లగా నొక్కి చూడు" అంది.

జడలమ్మ నొక్కింది. డిప్ప లోపలికి అణిగింది. నానిన తోలులా మెత్తగా ఉంది.

"ఎండ తగలక డిప్ప గట్టిపడలేదక్కా. చెమ్మకు జలుబు చేసింది. తేనె, పండ్లు, చెదలు తిని తొందరగా లావెక్కింది గానీ లోపల బలం లేదు. నువ్వు పెట్టినవన్నీ మంచివే. కానీ అవి ఎలుగుబంటి పిల్లకు మంచివి" అంది తీతువు.

జడలమ్మ తల పట్టుకుంది. "నువ్వు మొదటిరోజే చెప్పావు. నేను కసిరాను" అంది.

"అందరూ కసురుతారులే" అంది తీతువు.

"ఇప్పుడైనా చెప్పమ్మా. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"చెప్పడం తేలికే. చెయ్యడం కష్టం. నువ్వు పగలు చల్లగా గుహలో పడుకునేదానివి. ఇక ఎండలో కాపలా కూర్చోవాలి. నీ బొచ్చుతో అది నరకం. ఆలోచించుకో. లేదా పిల్లను ఇక్కడే వదిలేసి వెళ్లు. బతికితే బతుకుతుంది."

జడలమ్మ ఆలోచించలేదు. లేచి నిలబడి, "ఎక్కడ కూర్చోమంటావో చూపించు" అంది.

తీతువు ఒక చోటు చూపించింది. సగం ఎండ, సగం తంగేడు నీడ. కాళ్ల కింద పొడి నేల. జడలమ్మ రేగు కంపలు లాక్కొచ్చి చుట్టూ కంచె కట్టింది. బండ మీద ఉన్న చిన్న పల్లంలో రోజూ పొద్దున్నే మంచి నీళ్లు పోసింది. నీళ్లు చుక్కి గడ్డం దాటకుండా చూసుకుంది. చుక్కి అందులో కాసేపు నాని, తాగి, బయటికొచ్చి ఎండలో కాళ్లు చాపుకునేది. ఎండ ముదిరితే తనే నీడలోకి పోయేది. కంచె బయట జడలమ్మ మాత్రం నాలుక వేలాడేసుకుని, రొప్పుతూ, ఆకాశంలో గద్దను చూస్తూ కూర్చునేది.

తిండి కూడా మారింది. గరిక, తుత్తురబెండ ఆకులు, ముళ్లు గీకేసిన నాగజెముడు మట్టలు. ఎండిన నత్తగుల్లలు ఏరుకొచ్చి పొడి చేసి ఆకుల మీద చల్లింది.

చుక్కి వాటిని చూసి మొహం తిప్పుకుంది.

మొదటిరోజు, "ఇది తినను. తేనె కావాలి" అంది.

రెండోరోజు, "నీకు నా మీద ప్రేమ పోయింది" అంది.

మూడోరోజు తల లోపలికి లాక్కుని పడుకుంది.

జడలమ్మ ప్రాణం విలవిల్లాడింది. ఆ మధ్యాహ్నం తీతువు నీళ్లకు వెళ్లింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. జడలమ్మ గబగబా వెళ్లి ఒక తేనెపట్టు ముక్క తెచ్చింది. ఒక్క ముక్కే కదా! పిల్ల మూడు రోజులుగా పస్తులుంటోంది. ఎవరు చూశారు గనక?

ముక్కను కంచె మీంచి లోపలికి చాపింది. వాసనకు చుక్కి తల బయటికొచ్చింది. కళ్లు మెరిశాయి.

అప్పుడు జడలమ్మ చూపు చుక్కి ముందు కాళ్ల మీద పడింది. తేనె కోసం పైకి లేవబోతున్నాయి. లేవలేక వంకరపోతున్నాయి.

జడలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమ్మా!" అని ఏడ్చింది చుక్కి.

"తిట్టుకో తల్లీ. ఎంతైనా తిట్టుకో. ఇది మాత్రం పెట్టను" అంది జడలమ్మ. ఆ ముక్కను తీసుకెళ్లి దూరంగా చీమల బారుకు వదిలేసింది. తిరిగొచ్చి కంచెకు వీపు ఆనించి కూర్చుంది. తను కూడా ఏడ్చింది. మొహం అటు తిప్పుకుంది గనక చుక్కికి కనబడలేదు.

నాలుగోరోజు పొద్దున కంచె లోపల నుంచి చిన్న చప్పుడు వినిపించింది. కరకర. జడలమ్మ ఊపిరి బిగబట్టి మెల్లగా తిరిగి చూసింది. చుక్కి గరిక కొరుకుతోంది.

"బాగుందా?" అంది జడలమ్మ.

"బాలేదు. కానీ ఆకలేస్తోంది" అంది చుక్కి. ఇంకో పరక కొరికింది.

అలా రోజులు గడిచాయి. ముక్కు దగ్గర బుడగలు ఆగిపోయాయి. కాళ్లు నిలబడ్డాయి. చలికాలం వచ్చేసరికి డిప్ప నొక్కితే అణగడం మానేసింది. కానీ చుక్కి పెరగడం మాత్రం చాలా నిదానమైపోయింది.

కొండముచ్చు మళ్లీ వచ్చింది. "ఏమిటి జడలమ్మా, పిల్ల ఎదగడం ఆగిపోయిందే! తిండి సరిగ్గా పెడుతున్నావా?" అంది.

ఇదివరకైతే ఆ మాటకు జడలమ్మ ఉడుక్కునేది. ఇప్పుడు నవ్వింది. "దాని తొందర దానిది. నా తొందర దానికి అంటించను" అంది.

మళ్లీ వానలు పడ్డాయి. చుక్కి డిప్ప అంచు చుట్టూ కొత్త వరస వచ్చింది. నున్నగా, గట్టిగా, పసుపు గీతలతో మెరుస్తోంది. కానీ నడినెత్తిన పాత బొడిపెలు అలాగే ఉన్నాయి. అవి ఎప్పటికీ పోవని తీతువు చెప్పింది.

నీళ్ల పల్లంలో తన నీడ చూసుకుని చుక్కి అడిగింది. "అమ్మా, మధ్యలో ఈ బొడిపెలేమిటి?"

జడలమ్మ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అలా చెయ్యలేదు. "అవి నా తప్పులే తల్లీ. నీకేం కావాలో అడగకుండా నాకు నచ్చినట్టు పెంచిన రోజులవి" అంది.

చుక్కి మళ్లీ నీళ్లలోకి చూసుకుంది. "మరి ఈ నున్నటి వరస?"

"అది నేను నేర్చుకున్న రోజులది. ఈ పిన్ని నేర్పింది" అని తీతువును చూపించింది జడలమ్మ.

తీతువు ఒంటికాలి మీద నిలబడి అటూ ఇటూ చూసింది. దాన్ని మంచికి ఎవరైనా తలుచుకోవడం అదే మొదటిసారి.

ఆ రోజు జడలమ్మ కంచెలో ఒక కంప తీసి పక్కన పెట్టింది. చుక్కి బయటికొచ్చింది. ఎదురుగా పచ్చటి గడ్డి నేల, ఎండ, పొదల నీడలు. చుక్కి ఒక్కో అడుగూ వేసుకుంటూ ముందుకు నడిచింది. ఒక రాయి అడ్డం వచ్చింది. ఎత్తి దాటించాలని జడలమ్మ చేతులు ముందుకొచ్చాయి. మళ్లీ వెనక్కి తీసుకుంది. చుక్కి తనంతట తానే గోళ్లు ఆనించి రాయెక్కింది, అటు దిగింది.

"వస్తున్నావా అమ్మా?" అని పిలిచింది.

"నువ్వు నడు తల్లీ. నీ వెనకే ఉన్నాను" అంది జడలమ్మ.

కొండంత ఎలుగుబంటి ఒక్క అడుగు వేసి ఆగింది. తాబేలు పిల్ల ఇరవై అడుగులు వేశాక, ఇంకో అడుగు వేసింది.

నీతి: ఒక ప్రాణిని ప్రేమగా పెంచడమంటే మనకు నచ్చింది పెట్టడం కాదు, దానికి ఏది మంచిదో తెలుసుకుని, కష్టమైనా అదే చెయ్యడం.