గోడ నుంచి కొలిచిన ఇల్లు

సవరపు ఎస్తేరమ్మకి అన్యాయం జరిగింది 2006లో. అప్పటికామె ఆ ఇల్లు చూడనేలేదు, ఆ కాలనీ పేరైనా వినలేదు. హాస్టల్లో మూడొందల మంది పిల్లలకి వండి వార్చి, అద్దె గదికొచ్చి తన ఒక్కదానికీ ఇంత చారు కాచుకుంటూ ఉంది. మరో పంతొమ్మిదేళ్ళు అలాగే వండి, యాభై రెండో ఏట, మోకాళ్ళు అరిగాక, సొంతిల్లు కొనుక్కుందామని బయల్దేరింది.

కొనేముందు కొలిపించుకోమని ఎవరో పుణ్యాత్ములు చెప్పారు. మౌలాలి సార్ వచ్చారు. ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు ఊళ్ళ పొలాలన్నీ కొలిచి, రిటైరయ్యాక ఇళ్ళ స్థలాలు కొలుస్తున్న మనిషి. శిష్యులేదైనా అడిగితే ఆయన జవాబు చెప్పరు, టేపు చేతికిస్తారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న హైమకి ఆ అలవాటంటే ఒళ్ళు మంట.

ఆ ఇల్లు ఎనిమిదిళ్ళ వరసలో ఆఖరుది. దాని పక్కన మురుగుకాలవ. హైమ గోడ నుంచి గోడకి టేపు లాగింది. ముప్పై అడుగులు. కాగితాల్లోనూ ముప్పై. ‘సరిపోయింది’ అని రాసింది. సార్ అది చదివి, పైన పెన్సిల్‌తో ‘హద్దు అనుమానం’ అని రాశారు.

హైమకి చిర్రెత్తుకొచ్చింది. “టేపుకి సరిపోయాక అనుమానమేంటి సార్? పాపం ఆవిడ ఎన్నాళ్ళకో ఒక కొంప చూసుకుంది. సోమవారం రిజిస్ట్రేషన్. మనమొక ముక్క రాస్తే అంతా ఆగిపోతుంది. లేనిపోని గొడవెందుకు?”

“ఎక్కణ్ణుంచి కొలిచావు?”

“పక్కింటి గోడ నుంచి.”

“ఆ గోడ ఎక్కణ్ణుంచి కొలిచి కట్టారు?”

హైమ వెనక్కి తిరిగి పక్కింటి గోడ వంక చూసింది. సార్ టేపు ఆమె చేతిలో పెట్టి ఎండలోకి నడిచారు. ఎస్తేరమ్మ చెప్పులీడ్చుకుంటూ వెనకే వెళ్ళింది. ఇల్లమ్మే వీరాంజనేయులు మాత్రం గేటు దగ్గరే నిలబడి, “ముప్పై ఉందని ఆ పిల్లే చెప్పిందిగా! ఇంకేం కొలుస్తారు, నా తలకాయా?” అని అరిచాడు.

ఏడో ఇల్లు ముప్పై. ఆరోది ముప్పై. ఐదు, నాలుగు, మూడు, రెండు, అన్నీ ముప్పయ్యే. ప్రతి ఇంటివాళ్ళూ గుమ్మంలోకొచ్చి, “మాది అంగుళం తేడా రాదు, చూస్కోండి” అని గర్వంగా చెప్పారు. ముప్పై అన్న ప్రతిసారీ ఎస్తేరమ్మ మొహం కాస్త తేటపడింది. హైమ సార్ వంక చూసింది, చూశారా అన్నట్టు.

మొదటి ఇంటి మూల, కుళాయి పక్కన, బిందె దించుకునే రాయి ఒకటుంది. సార్ దాని మీది బిందె పక్కన పెట్టించి, పాచి గీకించారు. అది సర్వే రాయి. ఆ వరస స్థలాలన్నీ పటంలో ఆ రాయి దగ్గరే మొదలవుతాయి. హైమ రాయి నుంచి ఆ ఇంటి అవతలి గోడకి టేపు లాగింది. ముప్పై మూడు. మళ్ళీ లాగింది. ముప్పై మూడే.

2006లో ఆ ఇల్లు కట్టించిన హెడ్మాస్టరుగారు మేడమెట్లు బయటికి పెట్టుకున్నారు. వాటికి మూడడుగులు కావాల్సొచ్చింది, తీసుకున్నారు. ఆయన పోయి ఆరేళ్ళు. మెట్లు దివ్యంగా ఉన్నాయి.

రెండో ఇంటి ఇల్లాలు బుల్లెమ్మాయి, అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల కూడా ఎత్తలేదు. “మాకు తెలీకేం బాబుగారూ! మా ఆయన అడిగేస్తానన్నాడు, నేనే వద్దన్నా. పెద్దాయన, గోడా గోడా కలిసినోళ్ళం, గొడవెందుకని. ఆయన గోడ కాణ్ణుంచే ముప్పై కొలుచుకుని కట్టుకున్నాం. మేమేం తక్కువ కట్టుకోలేదే!”

“మేమూ అంతేగా!” అంది మూడో ఇంట్లోంచి ఒక గొంతు, కిటికీ తెరవకుండానే.

ఎంత మంచివాళ్ళు! ఏడిళ్ళవాళ్ళూ పంతొమ్మిదేళ్ళలో ఒకరినొకరు పల్లెత్తు మాటనకుండా, ఆ మూడడుగుల్నీ ఒకరి నెత్తి మీంచి ఒకరి నెత్తికి దించుకుంటూ ఆ చివరికి సాగనంపారు.

తిరిగొచ్చారు. లెక్క తేలికే. ఎనిమిది ముప్పైలు రెండొందల నలభై. రాయి నుంచి అక్కడికి కాలనీ స్థలం అయిపోతుంది, ఆపైన కాలవ గట్టు, సర్కారు జాగా. ఈ ఇంటి గోడ రెండొందల నలభై మూడు దగ్గరుంది. హైమ వంటింట్లో సుద్దముక్కతో గీత గీసింది. గీత పొయ్యిగట్టుకి ఇవతల పడింది. పొయ్యి, సింకు, గాలొచ్చే కిటికీ అన్నీ అవతలే ఉన్నాయి. ఆ కిటికీ సంగతి ఎస్తేరమ్మ హాస్టలంతా చెప్పుకుంది.

ఆమె గీత దాకా వచ్చి ఆగింది. “నువ్వు రాయకపోతే ఎవరికి తెలుస్తది పాపా?” అని హైమనడిగింది. కోపం లేదు ఆ గొంతులో. అన్నం గిన్నె దించి దించి వచ్చిన అలుపు ఉంది.

సారే చెప్పారు. “మీకే తెలుస్తుందమ్మా. కాలవ వెడల్పు చేసిన రోజున.”

ఎస్తేరమ్మ గీతకి ఇవతల నేల మీద కూలబడింది. మోకాళ్ళు రెండు చేతుల్తో పట్టుకుంది. “ఇంతమంది ఇన్నేళ్ళు పెట్టుకోని గొడవ నేను పెట్టుకోవాలా సారూ? ఇప్పుడా?”

సార్ కాగితం హైమ ముందుకి జరిపారు. ఆమె ‘సరిపోయింది’ కొట్టేసి, ‘వంటిల్లు మూడడుగులు కాలవ స్థలంలో ఉంది’ అని రాసి, చదువుకోమని ముందు ఎస్తేరమ్మకిచ్చి, తర్వాత సార్‌కిచ్చింది.

ఆయన కళ్ళజోడు తీసి, కళ్ళు నులుముకుని, కాగితం తిరిగి ఆమెకే ఇచ్చారు.

“తేదీ వెయ్యమ్మాయ్. ఈ మూడడుగులకి ఈ వరసలో ఇంతవరకూ ఎవరూ తేదీ వెయ్యలేదు.”

హైమ వేసింది: 8-8-2025.