గవరయ్య కాలిగంట

అనగనగా, ఏళ్లకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, సారంగి నది ఒడ్డున కంకపురం అనే నగరం ఉండేది. నది కంటే ఊరు పల్లం. రెంటికీ మధ్య అరకోసు పొడవున మట్టికట్ట.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. శిక్ష పూర్తయిన దొంగను కాలికి ఇనుపగంట బిగించి పంపేవారు. చచ్చేదాకా అది తీయరు. గంట వినబడితే చాలు, జనం తలుపులు మూసేవారు.

గవరయ్య ఒకప్పుడు గోడలకు కన్నాలు వేసిన దొంగ. గోడ మీద కర్రతో తట్టి, చెవి ఆనించి, ఎక్కడ బోలుగా ఉందో చెప్పగలడు. ఏడేళ్లు చెరసాలలో ఉన్నాడు. అక్కడే తాపీపని నేర్చుకున్నాడు. బయటికొచ్చాక పని అడుగుతూ మూడిళ్లకు వెళ్లాడు. మూడు చోట్లా అతనికంటే ముందు గంట గడప చేరింది.

ఒక శ్రావణమాసంలో నది పొంగింది. మధ్యాహ్నానికి కట్టకు ఊరివైపున పన్నెండు చోట్ల బురదనీరు ఊరసాగింది. జనమంతా ఇళ్లు వదిలి మెట్ట ఎక్కారు.

చెరసాల పెద్ద సూరప్ప గవరయ్యను రాజు ముందుకు తెచ్చాడు.

"ప్రభూ, ఎలుకలు కట్టను తొలిచేశాయి. ఎక్కడ బోలుగా ఉందో నేను విని చెప్పగలను," అన్నాడు గవరయ్య. "కానీ కట్ట మీద మరో మనిషి అలికిడి ఉండకూడదు. ఈ గంటా ఉండకూడదు."

దండనాయకుడు బొల్లరాజు నవ్వాడు. "ఊరంతా బార్లా తెరిచి ఉంది. మంచి ముహూర్తమే చూసుకున్నావురా! గంటలో గుడ్డ కుక్కుకుని వెళ్లు."

"గుడ్డ కుక్కినా, గంట విప్పినా ఒకటే కదా దొరా," అన్నాడు సూరప్ప. "చప్పుడు పోయాక మిగిలేది నమ్మకమే. వీడు పారిపోతే ఆ గంట నా కాలికి బిగించండి."

"నీ బోదకాలికి అది పట్టదులే!" అన్నాడు బొల్లరాజు.

రాజు నది వైపు చూశాడు. "విప్పండి," అన్నాడు.

గవరయ్య ఒక్కడే కట్ట మీదికి వెళ్లాడు. మెట్ట మీద వేలమంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. తూర్పున తట్టి, చెవి ఆనించి విన్నాడు. గట్టి. నడుమ తట్టాడు. గట్టి. పడమట తట్టి, చాలాసేపు విన్నాడు. హఠాత్తుగా లేచి, కట్ట దిగి, వీధిలోకి పరుగెత్తాడు.

దూరిన ఇల్లు దండనాయకుడిది.

"చూశారా ప్రభూ!" అని అరిచాడు బొల్లరాజు.

గవరయ్య వీపున బస్తాతో బయటికొచ్చాడు. మళ్లీ వెళ్లాడు. మళ్లీ బస్తా. మూడోసారీ అంతే. మూడు బస్తాలనూ ఊరు దాటించలేదు, కట్టకే చేర్చాడు. అప్పుడు పైగుడ్డ విప్పి మెట్ట వైపు ఊపాడు.

జనం పారలతో పరుగున దిగారు. పడమటి కొసన, నదివైపు, ఎలుకల బొరియ వరదకు కోసుకుపోయి ఎద్దు దూరేంత గుహ అయింది. దాని నోట్లో మూడు వడ్లబస్తాలు. నీటికి నాని, ఉబ్బి, రాయిలా బిగుసుకున్నాయి. ఇంకో ఘడియ ఆగితే కంకపురం లేదు. పారలు కదిలాయి. పొద్దు వాలేలోగా గుహ పూడింది.

గవరయ్య రాజు ముందు కాలు చాపాడు. "అడగకుండా ఒక ఇంట్లో దూరాను ప్రభూ. గంట బిగించండి."

"మా ఇల్లే దొరికిందా నీకు?" అన్నాడు బొల్లరాజు.

"కట్టకు దగ్గరిది మీదే దొరా."

బొల్లరాజు గంటను చేతిలోకి తీసుకున్నాడు. బిగించకుండా దాన్ని పక్కన పెట్టాడు. "వడ్లు నేనే ఇచ్చాను ప్రభూ," అన్నాడు. "అడగడమే కాస్త ఆలస్యమైంది."

ఆ సాయంత్రం రాజు మాట మీద ఊళ్లో విప్పిన కాలిగంటలు ముప్పై ఏడు. వాటిని కట్ట పొడవునా వేలాడదీశారు. వరదనీరు తగిలితే అవి మోగేవి. జనం తలుపులు మూసుకునేవారు కాదు, పారలు పట్టుకుని బయటికొచ్చేవారు. అందరికంటే ముందు గవరయ్య ఉండేవాడు.

తప్పుకు శిక్ష ఎంత అవసరమో, ఆ శిక్షకు ముగింపూ అంతే అవసరం. మారిన మనిషిని నమ్మిన ఊరే తనను తాను కాపాడుకుంటుంది.