మడమలో కాపలా కాసిన పోతమ్మ

అనగా అనగా, ఏనాటిదో మాట. ఒక ఊళ్లో నాంచారి అనే మేకల కాపరి పిల్ల ఉండేది. ఆ పిల్ల కుడి మడమలో, చర్మానికి కాస్త అడుగున, పోతమ్మ అనే కాపలా కణం కాపురం ఉండేది.

పోతమ్మది పెద్ద ఒళ్లు, పెద్ద ఆకలి. అంతకు మించి పెద్ద కుతూహలం. దారిన పోయే దేన్నీ ఊరికే పోనిచ్చేది కాదు. సన్నని చేతులు చాపి తడిమి చూసేది. మనదో పరాయిదో తేలాకే వదిలేది. ఆ చాదస్తం చూసి చుట్టుపక్కల చర్మకణాలు నవ్వుకునేవి. వాటికి పెద్ద తోలన్న.

ఒకనాడు మేకల వెంట పరుగెత్తుతూ నాంచారి తుమ్మముల్లు తొక్కింది. ముల్లు లాగేసి, కాలు దులుపుకుని, మళ్లీ పరుగు తీసింది. కానీ ముల్లు చేసిన దారి అలాగే తెరుచుకుని ఉంది.

పోతమ్మ చూడబోయింది. మొదట ఒక మట్టిరేణువు తగిలింది. తడిమితే ఉలకలేదు, పలకలేదు. మింగి ఊరుకుంది.

తరువాత ముల్లు దెబ్బకు పగిలిన చర్మకణం కనబడింది. లోపల ఉండవలసిన సరుకంతా బయటికి ఒలికిపోయింది. ఏదో కీడు జరిగిందని పోతమ్మకు అర్థమైంది. మరింత జాగ్రత్తగా వెతకసాగింది.

మూడోసారి గుత్తిగా కూడిన క్రిములు ఎదురయ్యాయి. గుండ్రంగా, చూడముచ్చటగా ఉన్నాయి.

"అక్కా, మేం ఈ ఊరివాళ్లమే. ఇన్నాళ్లూ పైన చర్మం మీదే ఉన్నాం. దారి కనిపిస్తే చూసి పోదామని దిగాం," అంది వాటిలో పెద్దది.

నిజమేనని, రోజూ తన కళ్ల ముందు తిరిగేవాళ్లేనని తోలన్న కూడా సాక్ష్యం చెప్పాడు.

పోతమ్మ కాదనలేదు. ఒక్కసారి తడమనివ్వమని మాత్రం అడిగింది. చెయ్యి వేసి చూస్తే వాటి అంగీ గరుకుగా ఉంది. ఆ నేత ఈ ఒంట్లో ఎవరికీ రాదు.

"పైన ఉన్నంతకాలం మీరు పొరుగువాళ్లే. లోపల మాత్రం మీకు చోటు లేదు," అని ఆ పెద్దదాన్ని మింగేసింది.

మిగతావి ఊరుకోలేదు. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. పోతమ్మ ఎన్ని మింగినా అంతకు మించి పుట్టుకొస్తున్నాయి. ఇది తన ఒక్కదాని వల్ల అయ్యే పని కాదని గ్రహించి, సాయం రమ్మని నెత్తురు కాలువలోకి కబురు వదిలింది.

ఆ కబురుకు కాలువ గోడలు వదులయ్యాయి. నీరు ఊరింది. మడమ వాచి, ఎర్రబడి, కాలిపోసాగింది. నాంచారి కుంటుతూ వెళ్లి ఒక బండ మీద కూర్చుని ఏడ్చింది. క్రిములకన్నా ఆ కబురే తమను ఎక్కువ బాధిస్తోందని, ఇక ఆపమని తోలన్న బతిమాలాడు.

పిల్ల ఏడుపుకు పోతమ్మ మనసూ కలుక్కుమంది. అయినా మళ్లీ తడిమి చూసింది. గరుకు అంగీలు ఇంకా తగులుతూనే ఉన్నాయి.

"ఇప్పుడు ఆపితే ఇవి నెత్తురులో కలుస్తాయి, తోలన్నా. అప్పుడు పిల్లకే ప్రాణం మీదికి వస్తుంది," అంది.

అంతలో తెల్లని బంటు కణాలు వచ్చాయి. కాలువ గోడను పట్టుకుని జారుతూ, సందుల్లోంచి దూరి, క్రిముల మీద పడ్డాయి. వాటి నాయకుడు చిట్టెన్న. కొన్ని క్రిములను మింగాయి, కొన్నింటి మీద విషం చిమ్మాయి. ఆ పోరులో బంటులూ చాలామంది ఒరిగిపోయారు. వాళ్ల దేహాలే చీముగా పేరుకున్నాయి.

క్రిములు కనబడటం మానేశాయి. బంటులు మాత్రం విషం చిమ్ముతూనే ఉన్నారు. అది తోలన్న వాళ్ల మీద పడుతోంది. పోతమ్మ మూలమూలా తడిమింది. గరుకు అంగీ ఎక్కడా తగల్లేదు. ఇక చాలించమని చిట్టెన్నతో చెప్పింది.

"ఇంకా దాక్కుని ఉంటేనో?" అన్నాడతను.

"అన్ని మూలలూ చూశాకే చెబుతున్నాను. ఇప్పుడు నీ విషానికి కాలుతున్నది మనవాళ్లే."

చిట్టెన్న చుట్టూ చూశాడు. బంటులను ఆపి, తన చెయ్యీ దించేశాడు. అలసిన బంటులు అక్కడే ఒరిగి కన్నుమూశారు. పోతమ్మ వాళ్లను ఒక్కొక్కరినే మెల్లగా తనలో కలుపుకుంది. ఆ తరువాత గాయం పూడ్చేవాళ్లు రావాలని కొత్త కబురు పంపింది. మడమ వాపు తగ్గింది. నాంచారి ఆ కాలు నేల మీద మోపి చూసుకుని, మేకల వెంట నడిచింది.

కాపలా కాసేవారికి శత్రువును పోల్చుకోవడం ఎంత అవసరమో, పోరు ఆపవలసిన వేళను పోల్చుకోవడమూ అంతే అవసరం.