ఫణీంద్ర ఆగిన రోజులు

డాక్టర్ ఫణీంద్ర చెయ్యి మంచిదని ఆ ఎముకల ఆసుపత్రిలో అందరూ అనేవారు. ఆ సంగతి అతనికీ తెలుసు. దెబ్బతిన్న వెన్నెముకకు రాడ్లు వేసి నిలబెట్టడం అక్కడి పెద్ద డాక్టరు జకరయ్యగారి దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు గురువుకన్నా తనే చురుగ్గా చేస్తున్నానని లోలోపల గర్వపడేవాడు.

విజయనగరం వైపు నుంచి పైడితల్లి అనే అమ్మాయిని తీసుకొచ్చారు. బరువులెత్తే పోటీల్లో పతకం గెలిచిన పిల్ల. నడుము నొప్పిని బెణుకనుకుని నెలల తరబడి ఓర్చుకుంది. సాయంత్రమైతే జ్వరం. మనిషి చిక్కిపోయింది. స్కాన్‌లో రెండు వెన్నుపూసలు పుచ్చిపోయి, పక్కన చీము కనిపించింది. సూదితో తీసి పరీక్షిస్తే టీబీ అని తేలింది. మందులకు లొంగే రకమే.

ఫణీంద్ర ఆపరేషన్‌కు అన్నీ సిద్ధం చేయించాడు. జకరయ్యగారు స్కాన్ చూసి మందులు మొదలుపెట్టమన్నారు, నడుముకు బెల్టు వేయమన్నారు.

ఫణీంద్రకు తల కొట్టేసినట్టయింది. "మందులంటే ఏడాది పైనే పడుతుంది సార్. పుచ్చింది తీసేసి రాడ్లు వేస్తే వెన్ను ఇవాళే నిలబడుతుంది" అన్నాడు.

గురువు అతన్ని పైడితల్లి మంచం దగ్గరికి తీసుకెళ్లి, ఆమె పాదాలు రెండూ అతని అరచేతులకు ఆనించారు.

"తొయ్యి తల్లీ."

పడుకునే తోసింది. బరువులెత్తిన కాళ్లు. ఫణీంద్ర వెనక్కి తూలి గోడకు ఆనుకున్నాడు. ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి పైడితల్లి ముఖం వెలిగింది.

"ఈ కాళ్లకు ఇవాళ కత్తితో పనిలేదు" అన్నారు జకరయ్యగారు. "రోజూ పొద్దున్నే వచ్చి చూడు. ఈ బలం తగ్గినా, వీపు వంగినా నన్ను పిలువు."

మొదట్లో ఫణీంద్ర మొక్కుబడిగా వచ్చేవాడు. రానురాను అందరికన్నా ముందు ఆ మంచం దగ్గరికే రావడం మొదలుపెట్టాడు. పైడితల్లికి జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది. పతకం వచ్చిన రోజు ఊళ్లో డప్పులతో ఊరేగించారని ఆమె చెబుతుంటే నిలబడి వినేవాడు.

ఒక ఉదయం ఎడమ పాదం తోపు అరచేతికి తేలిగ్గా తగిలింది. మళ్లీ తొయ్యమన్నాడు. పైడితల్లి పళ్లు బిగించింది.

"ఈ కాలు నా మాట ఇనట్లేదు డాక్టరు బాబూ."

మందులు పడుతున్నా చీము నరాల మీద ఒత్తుతోందని కొత్త స్కాన్‌లో కనిపించింది. ఇక ఆలస్యం చేయకూడదని, అప్పటికప్పుడే ఆపరేషన్ చేయాలని జకరయ్యగారు అన్నారు. తను మొదట కోరుకున్నదే అయినా ఫణీంద్ర ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీరు చెయ్యండి సార్. నాకు ధైర్యం చాలడం లేదు."

ఆపరేషన్ గదిలో గురువు గౌను కట్టుకుని, సహాయకుడు నిలబడే వైపుకు వెళ్లి నిలబడ్డారు. "అయితే నువ్వే చెయ్యాలి" అన్నారు.

చీము కడిగి, నరాలకు చోటు చేసి, రాడ్లు బిగించేసరికి మధ్యాహ్నమైంది. ఫణీంద్ర ఎక్కడా తొందరపడలేదు. ఆ తర్వాత కూడా పైడితల్లి ఒక్క పూట మానకుండా మందులు వాడింది. ఏడాది దాటాక ఎవరి ఆసరా లేకుండా, నిటారుగా, తల్లికన్నా ముందు వార్డులోకి నడిచి వచ్చింది.

కొత్తగా చేరిన డాక్టర్లు ఆమె వీపు మీది సన్నని కోత గీత చూసి, ఈ ఆపరేషన్ ఎవరు చేశారని అడిగారు. ఎవరినీ ఊరికే మెచ్చుకోని జకరయ్యగారు ఫణీంద్ర భుజం మీద చెయ్యి వేశారు.

"మా ఫణీంద్ర. అంతకుముందు ఆగింది కూడా ఇతనే."