కదలని మేక

సామంతుడు మాచిరాజు పులిమేకల్లాంటి కొత్త ఆటొకటి కల్పించాడు. అందులో తప్పు పట్టి సరిదిద్దేవాళ్లకు కొలువిస్తానని, ఆట ముగిసేలోగా పట్టలేకపోతే ఊరు విడిచిపోవాలని చాటించాడు.

బుట్టలల్లే సుంకులమ్మ ఆడటానికి కూర్చుంది. చూస్తుండగానే మాచిరాజు పులులు ఆమె మేకల్ని తినేశాయి. ఒక్క మేక మిగిలాక ఆమె చేతులు కట్టుకుని ఊరుకుంది.

పొద్దు వాలింది. మాచిరాజు విసుగ్గా అడిగాడు.

"ఎత్తు వెయ్యవేం?"

"ఆలోచిస్తున్నాను దొరా."

"ఎంతసేపు?"

"ఎంతసేపట్లో వెయ్యాలో మీ నియమాల్లో లేదు కదా."

ఆయన నియమాలు రాయించిన తాటాకులన్నీ తిరగేశాడు. నిజంగానే లేదు.

"మరి దీన్ని సరిచెయ్యడమెలా?"

"తప్పు చూపించాను కదా దొరా. కొలువిస్తే అదీ చెబుతాను."

ఆట ముగించడానికి వేరే దారిలేక ఇచ్చాడు.

"నూరు లెక్కపెట్టేలోగా కదపనివాళ్లు ఓడినట్టని రాయించండి."

రాయించి, తనే నూరు లెక్కపెట్టాడు. సుంకులమ్మ కదల్లేదు. ఆట గెలిచిన మాచిరాజుకు, తను ఓడినట్టు ఎందుకుందో ఎంతకీ అర్థం కాలేదు.