గవరయ్య గొట్టం బాట

అనగనగా ఒక ఊరుండేదే చిట్టీ. ఊరంటే మన ఊరంత అనుకునేవు! నీ చిటికెనవేలి గోటి మీద అలాంటి ఊళ్ళు వేలకి వేలు పడతాయి. నీ ఒంటి నిండా ఉన్నవి అవేనట, కణాలంటారట. మీ అమ్మ మైక్రోస్కోపులో చూసొచ్చి చెప్పింది. నాకు సగమే అర్థమైంది, ఆ సగమూ తికమకే. నువ్వు మాత్రం ఊ కొట్టు.

ఆ ఊళ్ళో గవరయ్య అని ఒక మేస్త్రీ. ఊరి నడిమి నుంచి ఊరి గోడ దాకా బాటలు వెయ్యడం ఆయన పని. బాటంటే గొట్టం. జంట ఇటుకలు పేర్చి, పదమూడు వరసలు గుండ్రంగా నిలబెడితే గొట్టమవుతుంది. కావళ్ళు మోసేవాళ్ళు దాని మీద నడుస్తారు. లోపల కాదే, పైన! నేనూ మొదట లోపలే అనుకున్నాను. ఆ మోసేవాళ్ళలో గవరయ్య కూతురు పైడమ్మ ఒకతె.

అయితే ఆ బాటలకో పాడు బుద్ధి. కొసన ఇటుక పచ్చిగా ఉన్నంతసేపూ పెరుగుతాయి. ఇటుక ఆరిందా, కొస విచ్చుకుని గలగలా కూలిపోతాయి.

గవరయ్య ఒక బాట వేశాడు, కూలింది. ఆ తర్వాత ఇంకోటి వేశాడు, అదీ కూలింది. మూడోది పైడమ్మ కాలు పెట్టేలోపే కూలింది.

"ఇదేం ఖర్మ! లోపం నా చేతిలో ఉందా, ఇటుకలో ఉందా?" అని తల పట్టుకున్నాడు పాపం.

అప్పుడేం చేశాడు? ఊరి బయటి నుంచి చెట్టు బెరడు జిగురు తెప్పించి మళ్ళీ వేసిన బాటలన్నిటికీ పట్టించేశాడు. అంతే, ఒక్క ఇటుక కదిలితే ఒట్టు! ఊరంతా భేష్ అంది. గవరయ్య మీసం మెలేశాడు.

ఆ తర్వాత ఊరు వేరుపడే రోజొచ్చింది. పెరిగిన ఊరు రెండు ఊళ్ళవడం అక్కడి ఆచారం. అదేం ఆచారమని నన్నడక్కు. ఊరి విద్యలన్నీ దాచిన సామాను మూటలు, ఊరికొకటి చొప్పున, రెండేసి కలిపి కట్టి నడిమధ్యన పెడతారు. అటు నుంచి ఒక తాడు, ఇటు నుంచి ఒక తాడు వచ్చి ప్రతి జంటనీ పట్టుకోవాలి. తాడంటే మళ్ళీ ఆ గొట్టమే. ఇందాక బాట, ఇప్పుడు తాడు. నాకూ అయోమయంగానే ఉంది, ఊ కొట్టవే!

పైడమ్మ కొత్త ఊరికి పోతోంది. మిగిలి ఉన్న కాసిని ఇటుకలతో అన్ని జంటలకీ తాళ్ళందాయి, ఒక్కదానికి తప్ప. ఇటుక చేసే విద్య ఉన్నది సరిగ్గా ఆ జంటలోనే! దానికి ఇటు తాడు తగిలింది గానీ పైడమ్మ వైపు తాడు తగల్లేదు. అలాగే వేరుపడితే రెండు మూటలూ ఈ ఊరికే వచ్చేస్తాయి. పైడమ్మ ఊళ్ళో ఇటుక ఉండదు, బాట ఉండదు, బతుకే ఉండదు.

"నాన్నా, ఇటుకలేవీ?" అంది పైడమ్మ.

ఇటుకలెక్కడివి? అన్నీ జిగురు పట్టి బాటల్లో బిగుసుకున్నాయిగా!

గవరయ్యకి నిలబడ్డ బాట మంచిదా, కూలే బాట మంచిదా, ఏమీ తోచలేదు. చివరికి తన చేత్తో వేసిన బాట మీది జిగురే గీకడం మొదలుపెట్టాడు. బాట కూలింది. ఇటుకలు విడిపడ్డాయి.

అప్పుడు ఆ ఇటుకలకి మళ్ళీ తడి పట్టించి పేర్చితే, పైడమ్మ వైపు నుంచి తాడు లేచింది. మూటకి తగల్లేదు, కూలింది. ఇంకో వైపుగా లేచింది, తగల్లేదు, కూలింది. మూడోసారి తగిలింది!

"మరి లాగేవాళ్ళేరి?" అన్నాడు గవరయ్య.

ఎవరూ లేరే! తాడు కొసన ఒక్కో ఇటుకా రాలిపోతోంది. రాలేకొద్దీ తాడు పొట్టిదవుతోంది. పొట్టిదయ్యేకొద్దీ, జంట కట్టు వీడిన మూట దాన్ని పట్టుకునే పైడమ్మ వైపు జరుగుతోంది. కూలిపోవడమే లాగడమట! గవరయ్య నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

ఆ తర్వాత నడుమ గోడ లేచింది. అటు పైడమ్మ, ఇటు గవరయ్య. కూతురు అక్కడెలా ఉందో ఏమోనని ఆయనకి ముద్ద దిగలేదు.

ఒకనాడు గోడవతల నుంచి కేక వినిపించింది. "నాన్నా, నేను వేసిన మొదటి బాట కూలిపోయిందే!"

"కూలిందా తల్లీ? అయితే నీ ఊరు చల్లగా ఉన్నట్టే!" అని గవరయ్య గోడకి చెంప ఆనించాడు. ఏడ్చాడో నవ్వాడో, నాకైతే ఇప్పటికీ తెలీదు.

కథేమో కంచికి పోయింది,
నిద్రేమో కంటికి వచ్చింది.