నారప్ప నీటి చదువు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక కాలేజీ. నవ్వకండర్రా, అడవికి కాలేజీ ఉండకూడదా ఏం? దానికి గేటు లేదు, గంట లేదు. కాలేజీ హద్దుల్లో ఉన్నంతసేపు ఎవరూ ఎవరినీ తినకూడదని మాత్రం గట్టి నియమం ఉండేది.

ఇంకో నియమం కూడా ఉండేది. దానిమీదే అందరికీ మంట. ఎవరి సొంత చదువు వాళ్లు చదివితే చాలదు. దాంతోపాటు మూడు పక్క చదువులు కూడా చదవాలి. పాముల చదువు కోసం వచ్చిన ముంగిస విత్తనాల చదువు కూడా చదవాల్సిందే. "నాకెందుకండీ విత్తనాలు? నేనేమైనా మొలకెత్తిస్తానా?" అని అది ఏటా గొణిగేది.

ఈ గొణుగుడు మా ఇంట్లోనూ మొదలైందిలెండి. ఇంజినీరింగు చదివేవాళ్లకి పర్యావరణం పేపరెందుకని మొన్న మా పెద్దమ్మాయి పుస్తకం మంచం మీదికి విసిరేసింది. దాన్ని కూర్చోబెట్టి చెప్పిన కథే ఇది. చిన్నవాళ్లు మీరూ వినండి.

ఆ కాలేజీలో నారప్ప అని ఒక గిజిగాడు చదివేవాడు. గిజిగాడంటే తెలుసుగా? పిచ్చుకంత పిట్ట. గడ్డిపోచలు చీల్చి, ముక్కుతో ముడులు వేసి, కొమ్మకు వేలాడే గూడు అల్లుతుంది. నారప్ప సొంత చదువు అల్లికే. అందులో వాడిని మించినవాడు లేడు. వాడు ముడి వేస్తే గాలివాన కూడా విప్పలేకపోయేది.

వాడికి వచ్చిన పక్క చదువులు మూడు. గాలి చదువు ఇష్టంగా చదివాడు. అడుగుజాడల చదువు ఏడుస్తూ పాసయ్యాడు. నీటి చదువు దగ్గరికి వచ్చేసరికి మొండికేశాడు.

నీటి చదువు చెప్పేది మాణిక్యమ్మ అనే ముసలి ఎండ్రకాయ. నడక పక్కకే అయినా మాట మాత్రం తిన్నగా ఉండేది. ఆవిడ పరీక్ష పెట్టేది కాదు. ఒక పని చెప్పేది.

"ముప్పై పొద్దులు వాగు దగ్గరికి వెళ్లండి. మూడు సంగతులు చూడండి. నీళ్లు ఏ రాయిదాకా ఉన్నాయి? ఒడ్డున చీమలు గుడ్లు మోస్తుంటే ఎటు మోస్తున్నాయి? మా ఎండ్రకాయలు బొరియలు ఎంత ఎత్తున తవ్వుకున్నాయి? చూసింది రోజుకో మోదుగాకు మీద గీయండి. ముప్పై ఆకులు నాకివ్వండి. అంతే."

నారప్ప మూడు రోజులు వెళ్లాడు. మూడు రోజులూ వాగు ఒకేలా ఉంది. వాడికి విసుగొచ్చింది.

వాడి కష్టం కూడా అబద్ధం కాదు పాపం. అదే నెలలో సొంత చదువు కోసం ఎనిమిది గూళ్లు అల్లి చూపించాలి. పొద్దున్నే గడ్డి పచ్చిగా ఉన్నప్పుడే పోచలు చీలుతాయి. వాగు దగ్గరికి వెళ్లేదీ ఆ వేళకే. రెండింట్లో ఏదో ఒకటి వదలాలి. పంతులమ్మ దగ్గరికి వెళ్లి, "అమ్మా, నాకు కుదరడం లేదు, ఇంకో నెల ఇవ్వండి" అని అడిగి ఉంటే ఆవిడ ఇచ్చేదే. వాడికి అడగడం నామోషీ అయింది.

వాడి స్నేహితుడు గంగులు అని ఒక నీటికుక్క. గంగులు సొంత చదువే నీళ్లు. ఒక మధ్యాహ్నం నారప్ప వాడి దగ్గరికి వెళ్లాడు.

"ఒరేయ్ గంగులూ, నీ ఆకులు ఒక్కసారి ఇవ్వరా. చూసి ఇచ్చేస్తా."

"చూస్తావా, చూసి గీసుకుంటావా?"

"రెండూ ఒకటే కదరా."

"ఒకటి కాదురా. పంతులమ్మకి తెలిస్తే బాధపడుతుంది."

"ఎలా తెలుస్తుంది? అయినా నేనేమైనా చేపలు పట్టుకుని బతుకుతానా? నా బతుకు కొమ్మ మీద. నీళ్లతో నాకేం పని? నీకు గాలి చదువు అర్థం కాకపోతే పది రోజులు కూర్చుని చెప్పానా లేదా?"

గంగులుది మెత్తని మనసు. ఆ పది రోజుల సాయం గుర్తొచ్చింది. ఆకుల కట్ట తెచ్చి ఇచ్చాడు. నారప్ప ఒక్క పూటలో ఇరవై ఏడు ఆకులు గీసేశాడు. చూపు ఒడ్డున చీల్చిపెట్టుకున్న గడ్డిపోచల మీద, ముక్కు ఆకు మీద. ఏం గీస్తున్నాడో కూడా చదవలేదు.

మాణిక్యమ్మ ఆ ఆకులు ఒక్కొక్కటే తిరగేసింది. పన్నెండో ఆకు దగ్గర ఆగింది. పుల్లల్లాంటి కాడల చివర నిలబడ్డ ఆవిడ కళ్లు రెండూ నారప్ప వైపు తిరిగాయి.

"ఇవన్నీ నువ్వే చూసి గీశావా నాన్నా?"

"నేనే అమ్మా."

"ముప్పై పొద్దులూ వెళ్లావా?"

"వెళ్లానమ్మా."

"నాకేమైనా చెప్పాలని ఉందా?"

"ఏం లేదమ్మా."

ఆవిడ ఆకుల కట్ట పక్కన పెట్టింది. పాస్ అని గీత గీసి ఇచ్చింది. నారప్ప రివ్వున ఎగిరిపోయాడు. ఎనిమిది గూళ్లూ చూపించి, కాలేజీ చదువు ముగించి, తన గుంపులోకి వెళ్లిపోయాడు.

గిజిగాళ్లకు ఒక పద్ధతి ఉంది. తొలకరి పడగానే గుంపంతా వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు దగ్గర చేరుతుంది. కింద నీళ్లుంటే పాము రాదు, ముళ్లుంటే పిల్లి రాదు. అయితే ఏ కొమ్మకు కట్టాలన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోరు. మరీ పైన కడితే గాలి ఊడబెరుకుతుంది. మరీ కింద కడితే వాగు ఎత్తుకుపోతుంది. అందుకని గుంపులో ఒక్కరు కొమ్మ చూపిస్తారు. మిగతావాళ్లు ఆ మాట మీద కడతారు. ఎన్నో ఏళ్లుగా ఆ పని జొన్నయ్య తాతది. ఆ ఏడు తాత కళ్లు పూర్తిగా మసకేశాయి.

"నాకిక కనబడదర్రా. మనలో నీటి చదువు చదివినవాడు నారప్ప ఒక్కడే. కొమ్మ వాడే చూపిస్తాడు" అన్నాడు తాత.

నారప్ప వెనక్కి జరిగాడు.

"నాకంటే పెద్దవాళ్లున్నారు కద తాతా" అన్నాడు.

"పెద్దవాళ్లున్నారు, చదివినవాళ్లు లేరు."

"పోనీ ఈ ఏటికి పోయినేటి కొమ్మకే..."

"అది విరిగిపోయింది కదరా. వాగు ఏటా ఒకేలా పొంగుతుందా? నువ్వే చెప్పాలి."

అందరూ వాడి వైపే చూస్తున్నారు. అందరికంటే ముందు వాడి అక్క గరికమ్మ మెడ చాచి చూస్తోంది. తమ్ముడు చదువుకున్నాడని ఊరంతా చెప్పుకునే రకం ఆ అక్క. మింగలేక కక్కలేక నారప్ప చెట్టంతా కలయజూశాడు. వాడికి తెలిసింది అల్లిక. అల్లికకు ఏ కొమ్మ బాగుంటుందో వాడికి తెలుసు. సన్నగా, నున్నగా, ముడికి అనువుగా, గాలి తగలకుండా కింద ఒక కొమ్మ కనిపించింది.

"అదిగో, ఆ కొమ్మ" అన్నాడు.

"చూశారా, ఎంత గబుక్కున చెప్పాడో!" అంది గరికమ్మ. ఆ కొమ్మకు మొట్టమొదటి గూడు కట్టించుకున్నది ఆవిడే. బావ అల్లాడు, అక్క లోపల మెత్తగా సర్దుకుంది. పది రోజుల్లో ఆ కొమ్మకు పద్నాలుగు గూళ్లు వేలాడాయి. పదిహేనో రోజున గరికమ్మ రెండు గుడ్లు పెట్టింది. గుంపులో ఆ ఏటి తొలి గుడ్లు అవే.

ఆ మర్నాడు పొద్దున నారప్ప చెట్టు మొదట్లో చీమలబారు చూశాడు. చీమలు గుడ్లు నోట కరుచుకుని పైకి పోతున్నాయి. గుంపు గూళ్లు కట్టిన కొమ్మ దాటి పోయాయి. దాని పై కొమ్మ చేరాకే ఆగాయి.  చీమల్ని చూడమని పంతులమ్మ చెప్పింది గుర్తుంది. చూస్తే ఏం తెలుస్తుందో మాత్రం వాడికి తెలియదు. ముప్పై పొద్దులు చూసినవాళ్లకి తెలిసే సంగతి అది.

గంగులు కోసం ఎగిరాడు. గంగులు కిందటి వారమే వాగు దిగువకు కాపురం మార్చాడట. ఇక మిగిలింది మాణిక్యమ్మ పంతులమ్మే.

ఆవిడ ఒడ్డున కొత్త బొరియ తవ్వుకుంటోంది. పాత బొరియకు నాలుగు బారల ఎత్తున.

"అమ్మా, చీమలు పైకి పోతున్నాయి. ఎందుకమ్మా?" అని అడిగాడు నారప్ప.

"పై కొండల్లో కుంభవృష్టి పడింది. వాగు ఎల్లుండికి ఇక్కడిదాకా వస్తుంది. మీరు ఏ కొమ్మకు కట్టారు?"

నారప్ప కొమ్మ చూపించాడు. పంతులమ్మ తవ్వడం ఆపేసింది.

"అయ్యో! ఎవరు చూపించారురా ఆ కొమ్మ?"

నారప్పకు ఏడుపు ఆగలేదు. "నేనే అమ్మా. నేను మూడు పొద్దులే వెళ్లాను. మిగతావన్నీ గంగులువి చూసి గీసుకున్నాను."

"నాకు తెలుసు. పన్నెండో ఆకు మీద 'ఈ రోజు నీళ్లు నా మీసాల్ని తాకాయి' అని ఉంది. గిజిగాడికి మీసాలెక్కడివిరా?"

"మరి అప్పుడే అడగలేదేమమ్మా?"

మాణిక్యమ్మ కళ్లు కిందికి వాలాయి. "మూడుసార్లు అడిగాను. నీ అంతట నువ్వే చెబుతావని చూశాను. ఎనిమిది గూళ్ల పని మీద ఉన్నావు, పిల్లాడు అలిసిపోయాడులే అని జాలిపడ్డాను. నీ ఒక్కడికే వచ్చే నష్టం కదా అనుకున్నాను. అది నా తప్పు. చదివినవాడని నిన్ను పదిమంది నమ్ముతారని నాకు తోచలేదు."

"ఇప్పుడేం చెయ్యను?"

"వెళ్లి చెప్పు. త్వరగా చెప్పు."

దారిలో నారప్పకు ఒక ఉపాయం తట్టకపోలేదు. వాగు తీరు మారింది, చదువులో ఇలాంటివి ఉంటాయి, కొమ్మ మారుద్దాం అంటే సరిపోతుంది. పరువూ దక్కుతుంది. కానీ అలా చెబితే వచ్చే ఏడు మళ్లీ తననే అడుగుతారు. మళ్లీ తెలియని కొమ్మ చూపించాలి. చెట్టు చేరేసరికి వాడు ఆ ఉపాయం వదిలేశాడు.

"అందరూ వినండి. నేను నీటి చదువు చదవలేదు. ముప్పై పొద్దులు వాగు చూడమంటే మూడే వెళ్లి, మిగతావి ఇంకొకరి ఆకులు చూసి గీసి పాసయ్యాను. నాకేమీ తెలియకపోయినా ఈ కొమ్మ చూపించాను. ఎల్లుండికి ఇది మునిగిపోతుందని పంతులమ్మ చెప్పింది. పై కొమ్మకు మారండి."

 గూళ్ల నుంచి ఒక్కసారే తిట్లు మొదలయ్యాయి.

"తిట్లు తర్వాత! ముందు గడ్డి కొయ్యండి!" అని కసిరాడు జొన్నయ్య తాత.

గుంపంతా గడ్డి మీద పడింది. నారప్ప తన గూడు సంగతే చూడలేదు. అందరి గూళ్లకూ ముడులు వేశాడు. ముక్కు చిట్లి నెత్తురొచ్చింది. రెండో రోజు సాయంత్రానికి మిగతా జంటలన్నిటికీ పై కొమ్మన కాళ్లు పెట్టుకునే చోటైనా కుదిరింది. వాళ్లవన్నీ ఇంకా ఖాళీ గూళ్లే కాబట్టి నష్టం గడ్డితో పోయింది.

గరికమ్మ మాత్రం కదల్లేదు. చీమలు గుడ్లు మోసుకుపోగలవు. పిట్టలు మోయలేవు.

"అక్కా, పైకి రా అక్కా. నీకు కొత్త గూడు నేనే అల్లాను."

"ఇవి చల్లబడతాయిరా" అంది గరికమ్మ. గుడ్ల మీదినుంచి లేవలేదు.

నారప్ప ఆ గూటి పక్కనే కొమ్మ పట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున వాగు ఎర్రగా పొంగి వచ్చింది. గూటి అడుగు తడిసింది. తర్వాత లోపలికి నీళ్లు వచ్చాయి. అప్పుడు గరికమ్మ బయటికి వచ్చింది. అక్కాతమ్ముళ్లిద్దరూ పై కొమ్మకు ఎగిరారు. గూడు కాసేపు నీళ్లలో ఊగింది. తర్వాత కనబడలేదు.

గరికమ్మ తడిసిన రెక్కలు విదిలించుకుంది. తమ్ముణ్ణి తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"ముప్పై పొద్దులేనా నారప్పా? ముప్పై పొద్దులు వెళ్లలేకపోయావా?"

   నారప్ప చెడ్డవాడు కాదర్రా. చిన్న పనిలే అనుకున్నాడు, అంతే.

వాగు తగ్గిన వారానికి నారప్ప కాలేజీకి వెళ్లి, పాస్ గీత ఉన్న ఆకు మాణిక్యమ్మ ముందు పెట్టాడు.

"ఇది నాది కాదమ్మా. మళ్లీ మొదటినుంచి చదువుతాను" అన్నాడు.

ఆవిడ ఆకు తీసుకుంది. తనకంటే చిన్న పిల్లల మధ్య వాడిని కూర్చోబెట్టింది. పిల్లలు నవ్వారు. వాడు పట్టించుకోలేదు. ముప్పై పొద్దులు కాదు, ఆ వానాకాలమూ చలికాలమూ ఎండాకాలమూ ఒక్క పొద్దు మానకుండా వాగు దగ్గర నిలబడ్డాడు. చీమల్నీ రాళ్లనీ బొరియల్నీ చూశాడు.

మళ్లీ తొలకరి పడింది. గుంపు తుమ్మచెట్టు దగ్గర చేరింది. కొమ్మ ఎవరు చూపించాలో తేలక అందరూ తలలు దించుకున్నారు. నారప్పను అడుగుదామని ఎవరికీ నోరు రాలేదు. చివరికి గరికమ్మే వచ్చి వాడి పక్కన వాలింది.

"ఏ కొమ్మరా?" అంది.

నారప్ప చెట్టు వైపు చూశాడు. వాగు వైపు చూశాడు. వాడికి చాలావరకు తెలుసు. అయినా గబుక్కున చెప్పలేదు.

"నడిమి కొమ్మ అనుకుంటున్నానక్కా. కానీ చీమలు ఇంకా బయలుదేరలేదు. ఇంకో మూడు పొద్దులు చూస్తే గానీ చెప్పలేను. ఆగగలవా?"

"ఆగుతాను" అంది గరికమ్మ. "పద, నేనూ వచ్చి చూస్తాను."

నీతి: మనకు అక్కర్లేదని దొంగదారిన దాటేసిన చదువు, మనల్ని నమ్మినవాళ్లకు అక్కర పడిన రోజున మన దగ్గర ఉండదు.